చింపేసిన బీమా కాగితం

ఇరవై రెండేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. కట్టుకున్న భార్యకూ చెప్పలేదు. ఈ కాగితం మీద నీకు చెబుతున్నాను. నువ్వెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో నేను కలకత్తాలో బీమా ఏజెంటుని. మెటియాబ్రుజ్ పేటలో మా ఇళ్ల వరసలోనే అప్పలస్వామి ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి రేవులో మూటలు మోసి, చివరికి సొంత టాక్సీ కొనుక్కున్నాడు. బీమా లేని బండితో ఒక సైకిలును గుద్దాడని ఆయన లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. గడువు తీరాక, థర్డ్ పార్టీ బీమా చూపిస్తేనే తిరిగి ఇస్తామన్నారు. నా దగ్గరికొచ్చాడు. అక్కడికక్కడే తాత్కాలిక బీమా కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. లైసెన్సు ఆఫీసులో దాన్ని చూసి ఆయనకే తిరిగిచ్చి, లైసెన్సు చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం మా ఇంటికి ఇలిష చేప పట్టుకొచ్చాడు.

రెండో ప్రతినీ, ఆయన కట్టిన సొమ్మునూ నేను మర్నాడే కంపెనీలో అప్పగించాలి. అప్పగించలేదు. చర్చిలో క్రిస్మస్ పాటల సాధన, ఇంట్లో సున్నాలు, రేపు చూద్దాంలే అనుకుంటూ పది రోజులు సంచిలోనే ఉంచేశాను. దురాశ కాదు. బద్ధకం. దురాశ అయినా బాగుండేదేమో, చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది.

పదకొండో రోజు ఆ టాక్సీ కింద ఇస్మాయిల్ అనే దర్జీ పడ్డాడు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

అప్పలస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"తమ్ముడా, ఇదేటి ఇలాగైపోనాది! ఆ కాగితం ఉంది గదా, దర్జీ దాదాకి ఏటైనా వస్తాది గదా?"

"వస్తాది అన్నా. దాన్నిలా ఇయ్యి, ఆపీసులో సూపిస్తాను."

"తీసుకో. నీకాడుంటే నాకాడున్నట్టే. నాకు సదువు రాదు గదా."

ఇంటికెళ్లి రెండు ప్రతులూ చింపేశాను. నా బీమా పుస్తకంలో ఆ కాగితం సంఖ్య దగ్గర 'పాడైనది, రద్దు' అని రాశాను. సొమ్ము కట్టలేదని బయటపడితే ఏజెన్సీ పోతుందని భయం, జైలంటే భయం. అప్పుడు ఇస్మాయిల్ గుర్తొచ్చాడా? రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

కోర్టులో దేవుడి సాక్షిగా చెప్పాను, ఈయన నా దగ్గర బీమా చేయించుకోలేదని. అప్పలస్వామి లేచి నిలబడి "తమ్ముడా!" అన్నాడు. అంతే. జడ్జి కూర్చోమన్నాడు.

పరిహారమంతా ఆయన మీదే పడింది. టాక్సీ అమ్మినా ఇస్మాయిల్‌కి దక్కింది సగం కూడా కాదు. ఒకసారి అతని ఇంటి దాకా వెళ్లాను. కుట్టుమిషను ముందు అతని కూతురు కూర్చుని ఉంది, కాళ్లు అందక స్టూలు అంచు మీదికి జరిగి తొక్కుతోంది. గుమ్మం నుంచే తిరిగొచ్చేశాను.

అప్పలస్వామి యాభై ఏళ్ల వయసులో షాలిమార్ గూడ్స్ యార్డులో మళ్లీ మూటలెత్తాడు. వీధంతా చదువుకున్న నా మాటే నమ్మింది. ఆయన భార్య కూడా. పోయిన వర్షాకాలం ఆయన పోయాడు. ఏ కాగితం వచ్చినా ఆమె ఇప్పటికీ నా దగ్గరికే తెస్తుంది. చదివి పెడతాను. మొన్న కూడా చదివాను.

అప్పలస్వామి అబద్ధమాడలేదు. ఆడింది నేను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ మాత్రం హాయికి కూడా నేను తగను.