ఛాతీ మీద తేలికపాటి మనిషి

ఆసుపత్రి ముందుగదిలో గాజుపలక వెనక కూర్చునే ఆమెను అందరూ చీటీలక్క అంటారు. రోగి బాధ విని, దాన్ని ఇంగ్లీషులో చీటీ మీద రాసి లోపలికి పంపడం ఆమె ఉద్యోగం. లోపలున్న పెద్ద డాక్టరుకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. బయటున్న రోగులకు ఇంగ్లీషు తప్ప అన్నీ వచ్చు. ఈ రెండు పక్షాల మధ్య రాయబారం జానెడు కాగితం మీద పదిహేనేళ్లుగా నడుస్తోంది.

ఆమెకు భయం. పాములంటే కాదు, పై అధికారులంటే కాదు. పోలికలంటే.

చేరిన కొత్తలో ఒకాయన "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయమ్మా" అన్నాడు. ఆమె ఆ ఎలుకలను పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి దించింది. పెద్ద డాక్టరు నాలుగు పరీక్షలు రాసి, ఆయన్ను మానసిక వైద్యుడి దగ్గరకు పంపాడు. పాపం, ఆయనకు కావలసింది భోజనం. మరునాడు ఒకావిడ "ప్రాణం పోతోంది తల్లీ" అంది. చీటీ చూసి నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఆ నలుగురూ కలిసి బయటికి తీసింది ఆవిడ చెవిలోని గుబిలి.

ఆ సాయంత్రమే ఆమె మామగారి శరణు వేడింది. ఆయన ముప్పై ఏళ్లు ఇంగ్లీషు మాస్టారు. వంటగది బల్ల మీద పాఠం మొదలైంది.

"ఫలానాదాని లాగా ఉందంటే సిమిలీ. 'లాగా' తీసేసి అదే ఇది అంటే మెటఫర్. గాలి ఏడుస్తోందంటే గాలికి మనిషి వేషం వేశావన్నమాట. వెయ్యిసార్లు చెప్పానంటే అతిశయోక్తి. మూడుసార్లు చెప్పుంటాడు. ఇక ఇంగ్లీషువాడికి బెంగ పుడితే కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయి."

"మరి ఎలుకలు, మామయ్యగారూ?"

"అవి మన కడుపులకే ప్రత్యేకం."

చివరి పాఠం చెప్పేటప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అన్నిటికన్నా ప్రమాదకరమైంది అండర్‌స్టేట్‌మెంట్. ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం. వరద మెడదాకా వస్తే 'కాస్త తేమగా ఉంది' అంటారు. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అది గోల చెయ్యదు."

ఆయన కాపురముండేది ఆ అలంకారంలోనే. గాలివానకు ఇంటి పైకప్పు ఎగిరిపోయిన రోజు, మంచంలోంచి పైకి చూసి "వెలుతురు కొంచెం ఎక్కువైంది" అన్నారు. కానీ ఉపమానమనేది మాత్రం, మిఠాయి కొట్టువాడు మిఠాయి ముట్టనట్టు, బడి బయట ఎన్నడూ వాడి ఎరుగరు.

పాఠాలు ముగిశాక చీటీలక్క ఒక పద్ధతి పెట్టింది. చీటీలో అలంకారాలు నిషేధం. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, పదికి ఎంత. ఏడు దాటినవాళ్లు ముందు, తక్కినవాళ్లు వరసలో. ఆసుపత్రి మెచ్చుకుంది. ఆమె భయం సద్దుమణిగింది.

ఒక ఉదయం మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"అమ్మాయ్, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది." కళ్లద్దాలు సర్దుకున్నారు. "తేలికపాటి మనిషే."

ఆమె చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. కాపురానికొచ్చిన ఇరవై ఏళ్లలో ఆయన నోట పోలిక రావడం ఇదే మొదటిసారి. దాని మీద తేలికపాటి అని మూత కూడా పెట్టారు.

"చెమటలు పడుతున్నాయి మీకు!"

"ఈ గదిలో గాలి ఇవాళ బద్ధకిస్తోంది."

రెండో అలంకారం. కాళ్లకు ఏ చెప్పులు తగిలాయో చూసుకోకుండా బండి పిలిచింది.

ఆసుపత్రిలో అప్పటికే పందొమ్మిది మంది ఉన్నారు. గాజుపలక వెనక ఆమె చోట్లో చిన్న నర్సు కూర్చుంది.

"నొప్పి పదికి ఎంత, తాతగారూ?"

"రెండు."

"మామయ్యగారూ!"

"రెండున్నర అంటే అతిశయోక్తి అవుతుంది, అమ్మాయ్."

నర్సు నొచ్చుకుంటూ చూసింది. "రెండంటే ఇరవయ్యో నంబరు, అక్కా. నువ్వు పెట్టిన పద్ధతేగా?"

చీటీలక్క చీటీ లాక్కుంది. తొమ్మిది వెయ్యబోయింది.

"అబద్ధం రాయకు," అన్నారు మామగారు. పెదవులు పాలిపోయాయి. "లోపల అడిగితే రెండే అంటాను."

అంటారు కూడా. ఆమెకు తెలుసు. తొమ్మిది మానేసి ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసింది: ఇంటి పైకప్పు ఎగిరిపోయినప్పుడు ఈయన వెలుతురు ఎక్కువైందన్నారు. ఇవాళ ఛాతీ మీద మనిషి కూర్చున్నాడంటున్నారు. నాకు చాలా భయంగా ఉంది.

చీటీ లోపలికి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరే పరుగెత్తుకొచ్చాడు.

తరువాత రెండు గంటలు ఆమె రోగుల బల్ల మీద కూర్చుంది. అది ఎంత గట్టిదో పదిహేనేళ్లలో ఎప్పుడూ తెలియలేదు. తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడింది. చివరికి డాక్టరు వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఇంగ్లీషులో అన్నాడు: "మరీ అధ్వాన్నంగా ఏం లేదు."

ఇది మామగారి చివరి పాఠంలోది కాదు కదా, అనుకుంది ఆమె.

"సార్, దయచేసి అలంకారాలు లేకుండా చెప్పండి."

డాక్టరు తువ్వాలు పక్కన పెట్టాడు. "గుండె నాళం మూసుకుపోయింది. తెరిచాం. ఇంకో గంట ఆలస్యమైతే పోయేవారు. బతుకుతారు."

ఆమె కూర్చుని ఏడ్చింది.

ఇప్పుడు చీటీలో 'నొప్పి పదికి ఎంత' అన్న గడి పక్కన ఇంకో గడి ఉంది: వెంట వచ్చినవారి భయం పదికి ఎంత. మామగారు దాన్ని పరిశీలించి "అంత చెడ్డ ఆలోచనేం కాదు" అన్నారు. ఆమెకు ఇంతకన్నా పెద్ద బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

అయినా ఆయన "కొంచెం" అన్నప్పుడల్లా, అది కూరలో ఉప్పు గురించే అయినా సరే, ఆమె కాళ్లు బల్ల కింద చెప్పులు వెతుక్కుంటాయి.