కావాలనుకునేవాళ్లకు ఏముంది?

ఈ రోజు మా ముగ్గురాయి మిల్లుకు ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ వచ్చింది. భోజనాల వేళ ఆడవాళ్లందరినీ ప్యాకింగ్ షెడ్డులో కూర్చోబెట్టి కుటుంబ నియంత్రణ గురించి చెప్పింది. మాత్రలు, ఇంజెక్షన్లు, కాపర్-టీ, ఆపరేషన్, అన్నీ ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుందట. మావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే శ్రద్ధగా విన్నారు. తర్వాత ఆమె ఒక్కొక్కరికీ మాత్రలు పంచుతూ నా దగ్గరకొచ్చింది. నాకు పెళ్లై చాలా ఏళ్లైంది, పిల్లలు లేరు. నేను చెయ్యి చాపలేదు.

“అక్కా, వద్దనుకునేవాళ్లకు ఇన్ని చెప్తివి. కావాలనుకునేవాళ్లకు ఏమన్నా ఉండాదా?” అని అడిగాను.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. ఆమె మాత్రలు సంచిలో పెట్టేసి, నా పక్కనే బస్తా మీద కూర్చుంది.

“ఉండాదమ్మా. కడప పెద్దాసుపత్రిలో చూస్తారు. మీ ఆయన్ను గూడా పిల్చుకోని రా, పరీక్షలు ఇద్దరికీ చేయాల” అని చెప్పి, మెల్లగా అంది, “నాకూ పిల్లల్లేరు. నేనూ ఆడికే పోతాండా.”

రోజూ ఊరూరా తిరిగి ఆ మాత్రలు పంచే మనిషి ఆమె. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. సోమవారం ఒకే బస్సులో పోదామనుకున్నాం.

మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు. శ్రీశైలంలో మొక్కుందంటే ఆ క్షణమే బయల్దేరే మనిషి. కానీ ‘పరీక్షలు ఇద్దరికీ’ అన్న మాట ఆయన దగ్గర ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీలో ఎవరైనా మీ ఇంట్లో చెప్పి ఉంటే, ఏమని చెప్పారో కాస్త రాయండి.