ఇంగ్లండుకు హద్దులు రాసిన మామ

ముందే చెప్పేస్తే గొడవుండదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పలేను. మా ఇంట్లో పిల్లి రెండు పిల్లల్ని పెడితే నా నోట్లోంచి బయటికొచ్చేసరికి ఏడవుతాయి, అందులో ఒకదానికి మీసాలు నెరిసి కూడా ఉంటాయి. కాబట్టి కింద అంకె కనిపించిన చోటల్లా సగానికి తగ్గించుకుని చదవండి. ఒక్క ముక్కను మాత్రం తగ్గించినా లాభం లేదు, అది మొత్తంగా నా సొంత తయారీ. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మొన్న కామారెడ్డి స్టేషన్ రోడ్డు మీద పోతుంటే దర్జీ తన కొట్లోంచే గొంతెత్తి పిలిచాడు. ఆ గొంతుకి ప్లాట్‌ఫారం మీద రైలు కదలబోయి ఆగింది. "సార్, మీ మామ నల్లకోటు తయారైంది. నడుం కాడ నాలుగు వేళ్ల మందం వదిలిన. ఇగ లోపల బట్ట లేదు, వచ్చే సారికి పొట్టకే చెప్పుకోవాలె" అన్నాడు. కోటు మడతపెడుతూ కాలరు తిప్పి చూపించాడు. "ఆరేండ్ల కింద కుట్టిన గదా, ఒక్క మరక లేదు సూడండ్రి. మస్తు జాగ్రత్తగ వాడిండు మామ." నేను అవునన్నట్టు తలూపి, కోటు చంకన పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. బస్సులో నాకు సీటు దొరకలేదు గానీ కోటుకు దొరికింది. వకీలు గారి కోటు అనుకుని ఒకావిడ తన కూరగాయల సంచీ కాళ్ల కిందికి జరిపి దానికి చోటిచ్చింది. నేను రాడ్డు పట్టుకుని వేలాడుతూ లింగంపేట దాకా ఆ కోటు వంకే చూస్తూ, మా మామ చట్టం చదువుకున్న ఆ రోజుల్ని నెమరేసుకున్నాను.

మామ అంటే మా అమ్మకు సొంత అన్న. ఎల్లారెడ్డి కోర్టులో వకీలు గుమాస్తాగా ముప్పయ్యయిదేళ్లు పనిచేశాడు. ఈ అంకె తగ్గించకండి, ఇది నిజం. ఖాళీ దొరికితే రిజిస్ట్రారు కచేరీ బయట చెట్టు నీడన కూర్చుని దస్తావేజులు రాసేవాడు. అమ్మకం, దానం, పంపకం, ఏదైనా సరే, కలం పెడితే కాగితం చివరిదాకా ఎత్తేవాడు కాదు. పదిహేనుమంది వకీళ్లకు తెలియని సెక్షన్లు మామకు నోటికొచ్చు. కానీ కోర్టు హాల్లో ఆయన జాగా తలుపు పక్కన గోడ. ఒకనాడు వకీలు రాలేదు. గాంధారి నుంచి వచ్చిన ముసలి కక్షిదారు ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ కేసు సంగతి అణువణువూ తెలిసినవాడు మామ ఒక్కడే. ఆగలేక నోరు తెరిచాడు. బెంచి మీంచి చాలా మర్యాదగానే మాట వచ్చింది: గుమాస్తా మాట్లాడకూడదు. రూలు అదే, తప్పెవరిదీ కాదు. కానీ ఆ సాయంత్రం మామ ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ అత్తమ్మతో అన్నాడు: "ఒక్కపారన్న నేను గా హాల్ల నిలవడి మాట్లాడాలెనే. ఒక్కటే పారి." అత్తమ్మ "ముందుగాల ఆ పప్పు తినయ్యా" అంది. మర్నాడే మామ లా కాలేజీలో పేరు రాయించాడు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. తరగతిలో మొదటిరోజు పిల్లలంతా సారొచ్చాడనుకుని లేచి నిలబడ్డారట. మామ కూడా వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని నిలబడ్డాడట.

అన్ని పేపర్లూ మంచినీళ్లలా గట్టెక్కాయి. ఒక్కటి అడ్డం పడింది. పాశ్చాత్య దేశాల్లో రాజ్యమూ చట్టమూ ఎట్లా పుట్టి ఎట్లా పెరిగాయన్న చరిత్ర పేపరు. రోము, ఇంగ్లండు, ఫ్రాన్సు. మామ చదవలేదనుకోకండి. ఆ పుస్తకాన్ని ఎంత చదివాడంటే అట్ట ఊడిపోయి, పేజీలు అరిగిపోయి, అవతలి పక్క అక్షరాలు ఇవతల కనిపించేవి. మరి రెండుసార్లు ఎందుకు తప్పాడు? ఆ గుట్టు నేను కనిపెట్టాను. రెండోసారి తప్పాక "ఏం రాసినవ్ మామా, నాకొకసారి రాసి చూపియ్యి" అన్నాను. మాగ్నా కార్టా గురించి రాయమన్నాను. ఇంగ్లండు రాజు తన కింద జమీందార్లలాంటి ప్రభువులకు తలొగ్గి, ఇకమీదట నేనూ చట్టానికి లోబడే ఉంటానని ఒప్పుకున్న కాగితం అది. ఆ పుస్తకానికంతటికీ వెన్నెముక అది. మామ కళ్లజోడు సర్దుకుని, కలం పెట్టి, ఎత్తకుండా రాశాడు.

"ఇంగ్లండు దేశపు రాజు, వయస్సు సుమారు నలభై ఎనిమిది సంవత్సరములు, వృత్తి రాజ్యపాలన, సదరు దేశ నివాసి, ప్రభువులకు వ్రాసియిచ్చిన హక్కుల పత్రము. హద్దులు: తూర్పున సముద్రము. పడమరన సముద్రము. ఉత్తరమున స్కాట్లండు వారి పట్టా. దక్షిణమున ఫ్రాన్సు వారితో తగాదాలో నున్న నీళ్లు. ఇది నేను ఎవరి బలవంతమూ లేక, పూర్తి తెలివితో, నా ఇష్టపూర్వకముగా వ్రాసియిచ్చిన పత్రము."

నేను నవ్వితే మామకు కోపమొచ్చింది. "ఏం తప్పురా అల్లుడా? హద్దులు తప్పినయా?" హద్దులు బంగారంలా ఉన్నాయి. కానీ చివరి మాట సంగతేమిటి? ప్రభువులు కత్తులు పట్టుకుని చుట్టూ నిలబడితేగాని ఒప్పుకోనివాడు ఇష్టపూర్వకంగా రాసిచ్చాడా? మామ దిగాలుగా అన్నాడు: "నాకు ఎరుకే. ఎరుకైనా చెయ్యి ఆగదురా. గా మాట రాయకపోతే రిజిస్ట్రేషన్ కాదు." ఎన్ని వేల దస్తావేజులకు ఆ చేత్తో ఆ ముక్క రాశాడో. తల ఇంగ్లండులో ఉంటే చెయ్యి రిజిస్ట్రారు కచేరీలో ఉంది. మూడో పరీక్ష ముందుంది, అదే చివరి అవకాశమని కాలేజీవాళ్లు కాగితం పంపారు. తప్పితే చదివిన చదువంతా తలుపు పక్కన గోడకే.

చెయ్యి మాట వినకపోతే నోటితో సాధన చేద్దామన్నాను. మరి వినేదెవరు? మామ ఇంటి ముందు అరుగు మీద మధ్యాహ్నమైతే బీడీలు చేసే ఆడవాళ్లు చేరేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. చేతులకు పనుంటుంది, చెవులు ఖాళీ. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తుండాలి, లేకపోతే పని సాగదు. అది వాళ్ల పద్ధతి. అప్పటిదాకా పక్కింటి కాపురం, ఎదురింటి కోడలు, టీవీ సీరియలు వినిపించిన ఆ అరుగు మీద, ఆ వేసవిలో పడమటి దేశాల రాజ్యాంగ చరిత్ర వినిపించింది. అందరిలోకి పెద్దది ఒక అవ్వ. ఆమె మాట్లాడుతూ బీడీ చుడితే చూస్తున్నవాడికి కళ్లు తిరిగేవి. గంటకు నాలుగు వేలు చుట్టేది. సరే, తగ్గించుకోండి.

మామ రోముతో మొదలుపెట్టాడు. పూర్వం అక్కడ చట్టం పెద్దమనుషుల నోట్లోనే ఉండేదనీ, ఏది తప్పో వాళ్లు చెప్పిందే తప్పనీ, జనం గొడవచేస్తే చివరికి పన్నెండు పలకల మీద రాయించి బజార్లో పెట్టారనీ చెప్పాడు. అవ్వ దారం పంటితో తెంపి, "సదువురానోళ్లకో?" అంది. మామ పుస్తకం తిరగేశాడు. అందులో లేదు. "గంతే. నోట్లున్నది పలక మీదికొచ్చింది, మా దాంక రాలే" అని ఇంకో ఆకు తీసింది. మర్నాడు ఇంగ్లండు వాళ్లు తమ రాజు మీదే కేసు నడిపి తల తీయించిన ఘట్టం. ఈ కోర్టుకు నన్ను విచారించే అధికారం లేదు అన్నాడట ఆ రాజు. మామ అక్కడ ఆగి, "మన ఎల్లారెడ్డిల గూడ ముద్దాయి వకీలు మొదటి వాయిదాకు గిదే అంటడు" అని తన్మయత్వంతో కళ్లు మూసుకున్నాడు. అత్తమ్మ లోపల్నుంచి, "ఆయనకేమాయె, తల పోయింది. ఈయన టీ పెట్టు టీ పెట్టు అని నా తల తింటున్నడు, దానికి కోర్టేది?" అంది. అరుగంతా గొల్లుమంది. ఆ నవ్వుకు తంబాకు ఎగిరి వీధి మొత్తం తుమ్మింది.

దాటేస్తూ వచ్చిన మాగ్నా కార్టా రోజు రానే వచ్చింది, మామ మళ్లీ పాతదారే పట్టాడు. నోటితో చెప్తున్నా చివర్లో "ఎవరి బలవంతమూ లేక..." అని దొర్లిపోయింది. అవ్వ చేతిలో బీడీ ఆగింది. ఆ అరుగు మీద అట్లా ఆగడం అదే మొదటిసారి.

"ఇష్టంగ ఇచ్చిండా? ఏ రాజు ఇస్తడు కొడుకా ఇష్టంగ?"

"లేదవ్వా, చుట్టు నిలవడి ముద్ర ఏపిచ్చిన్రు."

"ముద్రనా? ఏలిముద్రనా? రాజుకు గూడ సంతకం రాదా?"

"మైనం మీద ముద్ర అవ్వా."

"ఏదైతేంది. మరి ఎవ్వరు లేనప్పుడు ఆ కాయితం చింపేస్తే?"

"చింపలే గని, చెల్లదన్నడవ్వా" అన్నాడు మామ. నిజంగానే ఆ రాజు కొన్ని వారాలకే ఆ కాగితం చెల్లదన్నాడు. అది పుస్తకంలో ఉంది, మామకు తెలుసు. అవ్వ బీడీ మళ్లీ చుడుతూ అంది: "అయితే రాజు రాసుడు కాదు బిడ్డా ముచ్చట. చుట్టు నిలవడ్డోళ్లు ఇండ్లకు పోకుండ ఉండుడు ముచ్చట. గది రాయి."

మామ లేచి లోపలికి వెళ్లి, కలం తెచ్చుకుని, ఆ మాటను ఎడంచేత్తో కుడి అరచేతి మీద రాసుకున్నాడు. పరీక్ష దాకా వారం రోజులు ఆ చేత్తో అన్నం తిననన్నాడు. అత్తమ్మ కలిపి పెట్టింది, టీ సంగతి మాత్రం తేల్చలేదు.

పరీక్ష కామారెడ్డిలో. మామ అప్పటికే నల్లకోటు కుట్టించేశాడు. "పాసైనంక కుట్టిస్తే దర్జీ లేటు చేస్తడు" అన్నాడు. నేను హాలు బయట కిటికీ దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాను. అవ్వ మాట పరీక్షలో అడిగే ప్రశ్నేనా అని నాకు గుబులు. మొదటి ప్రశ్నే అది: రాజు చట్టానికి లోబడిన తీరు రాయండి. మామ రాజు వయసు రాయలేదు. హద్దులు రాయలేదు. ప్రభువులను నిలబెట్టాడు, కత్తులు చూపించాడు, ముద్ర వేయించాడు. ఇక చివరి వాక్యం. అక్కడ చెయ్యి ఆగిపోయింది. అది "ఎవరి బలవంతమూ" వైపు లాగుతోంది, మామ ఇటు లాగుతున్నాడు. కలం కాగితానికి అంగుళం పైన అట్లాగే నిలిచిపోయింది. నా లెక్కన రెండు గంటలు, గడియారం లెక్కన నలభై నిమిషాలు. చెమటతో అరచేతి మీది అక్షరాలు కారిపోయాయి. పిల్లలు అదనపు కాగితాలు అడుగుతున్నారు. అప్పుడు మామ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, తల కొంచెం వంచి, ముప్పయ్యయిదేళ్లుగా తలుపు పక్క నుంచి వింటూ వచ్చిన ఆ మాటను గట్టిగా అన్నాడు:

"సార్, వాయిదా ఇప్పియ్యండి."

హాలు నవ్వింది. కాపలా ఉన్న సారు పాపం చిన్నవాడు, కంగారుపడి, "పెద్దాయనా, ఇక్కడ వాయిదాలుండవ్, కూసోండి" అన్నాడు. మామ కూర్చున్నాడు. ఆ నవ్వులో చెయ్యి బిగువు సడలింది కాబోలు, రాసేశాడు: ఇది రాజు బలవంతం మీద ఇచ్చిన పత్రము. దీని విలువ రాజు ముద్రలో లేదు, చుట్టూ నిలబడినవారు ఇండ్లకు పోకుండా ఉండుటలో ఉన్నది. కింద అలవాటు కొద్దీ సాక్షి సంతకానికి ఒక గీత కూడా గీశాడు. మిగతావి రాస్తుండగా గంట మోగింది.

ఫలితాలొచ్చిన రోజు ఎల్లారెడ్డి బజారు బందైంది. డప్పుల మోత రామారెడ్డిలో వినిపించింది. ఆ జవాబు దిద్దినాయన కుర్చీలోంచి లేచి నిలబడి మార్కులు వేశాడట. మామ నల్లకోటు తొడుక్కుని కోర్టు హాల్లోకి నడిస్తే తలుపు పక్క గోడ బోసిపోయింది. గాంధారి ముసలాయన తరఫున మామ నోరు విప్పాడు, హాల్లో ఫ్యాను కూడా తిరగడం మానేసి విన్నది.

ఇదే నా సొంత తయారీ.

మీరు వాయిదా అడగడం కల్పన అనుకుని ఉంటారు. అది నిజం. హద్దులు నిజం, అవ్వ నిజం, మామ చెయ్యి మొరాయించడం నిజం. పాసవడమే అబద్ధం. మొదటి ప్రశ్న దగ్గరే పొద్దుపోయి మిగతావి సగం సగం రాశాడు, రెండు మార్కుల తేడాతో తప్పాడు. రెండే, దీన్ని తగ్గించకండి. అవకాశాలు అయిపోయాయి. కొన్నాళ్లకు ఒక పెళ్లిలో నేను ఈ కథ చెప్తుంటే అందరూ నవ్వి, "తర్వాత?" అన్నారు. మామ పక్కనే కూర్చుని ఉన్నాడు. నా నోటికి తప్పాడన్న మాట రాలేదు, పాసయ్యాడనే వచ్చింది. మామ కాదనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పట్నుంచి ప్రతిసారీ డప్పులు ఇంకొంత దూరం వినిపిస్తూ వచ్చాయి. దర్జీకి చెప్పిందీ అదే కథ. కోటుకు మరక అంటకపోవడానికి జాగ్రత్త కారణం కాదు, అది ఇన్నాళ్లూ బీరువా దాటలేదు.

అయితే పోయిన నెల పాత విద్యార్థులకు ఇంకొక్క అవకాశమిస్తూ యూనివర్సిటీ కాగితం వచ్చింది. పరీక్ష సోమవారం. బస్సు దిగి ఇంటికి పోయేసరికి అరుగు మీద మామ కోటు కోసం చేతులు చాపాడు. అవ్వకు ఇప్పుడు చూపు ఆనదు, తడుముకుంటూనే బీడీ చుడుతోంది. "ఈపారి మిగిలినయి గూడ రాయి కొడుకా, రాజు ఒక్కని కాడనే కూసోకు" అంది. మామ కోటు తొడుక్కుని గుండీ పెట్టుకున్నాడు, ఊపిరి బిగబడితే పట్టింది. "ఏందిరా అల్లుడా, ఆరేండ్ల కింద నేనడిగిన వాయిదా ఇప్పటికి ఇచ్చిన్రు" అని నవ్వాడు. ఒక్క రాజును కాగితానికి కట్టడానికి అన్ని దేశాలకు అన్ని వందల ఏళ్లు పట్టాయి. ఒక్క చేతిని ఒక్క వాక్యం నుంచి విడిపించుకోవడానికి మా మామకు ఇంతవరకు పట్టింది ఎనిమిదేళ్లు. కావాలంటే సగానికి తగ్గించుకోండి. కాలం మాత్రం తగ్గించదు, అడిగితే వాయిదా ఇస్తుంది, అంతే.