మా పెద్దమ్మ ఉన్న సినిమా

మొన్న మా కోడలు నవ్వాపుకుంటూ ఫోను నా చేతికిచ్చింది. ఎప్పుడో మేం నలుగురు మిత్రులం తలా ఒక కథ తీసి కలిపిన సినిమాను ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో పెడితే, దాని కింద మరొకాయన ‘నాలుగు కథలన్నారు, ఒక్కటీ కనబడలేదు’ అని రాశాడు. ఆయన అబద్ధమాడలేదు. ఒక కథలో హీరో కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెనక్కి నడుస్తాడు, ఎందుకో తీసినవాడికే తెలియదు. అయినా నేను సిగ్గుపడను.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. నా వంతు కథలో ఉన్నది మా పెద్దమ్మ. నల్గొండ పల్లెలో ఉన్న కాస్త పొలమూ అమ్ముకుని అల్మాస్‌గూడలో మా ఇంటికి చేరిన మనిషి. ఊరి మీద బెంగ పుట్టినప్పుడల్లా ఎల్బీ నగర్ పోయి, నల్గొండ బస్సులు ఆగేచోట కూర్చుని, దిగేవాళ్లలో తెలిసిన మొహం కోసం వెతుక్కునేది. నేను అదే తీశాను, సంగీతం లేకుండా, ఎక్కడా కత్తెర వేయకుండా.

బతిమాలి సంపాదించిన ఒక్క ఉదయం ఆటలో ఆ కథ రాగానే హాలంతా ఈలలు, “బస్సెక్కవే ముసలమ్మా!” అని కేకలు. పెద్దమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఇంటర్వెల్‌లో మేనేజరు వచ్చి, ఆ కథ తీసేస్తే మధ్యాహ్నం ఆట కూడా వేస్తానన్నాడు. నలుగురం ఒప్పుకుంటేనే కోత అన్నది మా ఒప్పందం. మా నలుగురిలో గుంటూరు నుంచి వచ్చిన మిత్రుడు కళ్లనీళ్లతో, “తీసేద్దాం రా, మిగతా మూడైనా బతుకుతాయి” అన్నాడు. పెద్దమ్మ విన్నది. “నన్ను తీసేస్తె ఆడ్తదంటె తీసెయ్ బిడ్డా, నాకేం కోపం లేదు” అన్నది.

ఆ మాటతోనే నాకు తెగింపు వచ్చింది. ఒక్క ముక్క కూడా తీసేది లేదన్నాను. మధ్యాహ్నానికల్లా మా పోస్టరు మీద వేరే పోస్టరు అంటించారు. ఆ గుంటూరు మిత్రుడు చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఇంటికి వస్తూ బస్సులో పెద్దమ్మ మాత్రం, “గంత పెద్దగ కనబడ్డ గద రా!” అని మురిసిపోయింది.

ఇప్పుడు పెద్దమ్మ లేదు, ఆ హాలూ లేదు. ఎల్బీ నగర్‌లో బస్సు దిగినవాళ్లు దిగినట్టే మెట్రో మెట్లెక్కి పోతున్నారు. ఈరోజు మళ్లీ తియ్యమన్నా నేను ఆ కథ అంతే నిదానంగా తీస్తాను, ఎవరికి నచ్చకపోయినా సరే. మా కాలంలో నచ్చనివాళ్లు కూడా టికెట్టు కొని, కుర్చీలో కూర్చుని, తెరకేసి చూస్తూ తిట్టేవాళ్లు. ఇప్పుడు ఫోనులో వేలితో పక్కకు నెట్టేస్తున్నారు, అంతే. ఆనాటి ఈలలు కూడా ఇప్పుడు నాకు మర్యాదగానే తోస్తున్నాయి.