బిల్డ్ కాని గొంతు

దయ్యాలు, ఆత్మలు, అద్భుతాలు నాకు పడవు. మా ఇంట్లో ప్రార్థన ఉంది కానీ ఇలాంటి కబుర్లు ఎప్పుడూ లేవు. పైగా నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంప్యూటర్ తనంతట తాను ఏమీ చేయదని, మనం చెప్పిందే చేస్తుందని, తప్పెప్పుడూ మనదేనని రోజూ రుజువయ్యే ఉద్యోగం. ఎవరైనా ఇలాంటి సంగతి చెబితే ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేనే చెబుతున్నాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను.

మాది ఇబ్రహీంపట్నం. మా అక్క సలోమి, బావ మా ఇంటి కింది వాటాలోనే ఉంటారు. బావది పెద్ద అంబర్‌పేట్‌లో టైర్ల షాపు. అక్క ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఆమె గొంతు గురించి ఏం చెప్పమంటారు? లెక్కలు తప్పు చేసిన పిల్లవాణ్ణి ఆమె తిడుతుంటే పక్క వీధి పిల్లలు కూడా పుస్తకాలు తీసేవాళ్లు.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో మాట. ఐదోది దాహం గురించిన మాట. అది ఏళ్ల తరబడి మా అక్కదే. దాన్ని అడిగే ధైర్యం ఇంకెవరికీ ఉండేది కాదు.

కిందటేడు ఆమెకు గొంతు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పట్నుంచి ఏం చెప్పాలన్నా ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తుంది. ట్యూషన్ మానేసింది. చర్చికి వచ్చినా చివర కూర్చుని, ఎవరూ పలకరించకముందే లేచి వెళ్లిపోయేది. ఈసారి ఐదో మాట ఇంకొకరికి ఇద్దామా అని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఎంతో మెల్లగా అడిగారు. అక్క తలూపింది. ఆ తర్వాత ఆమె సరిగా తిండి తినడం నేను చూడలేదు.

నాకు చేతనైంది ఒక్కటే. ఆమె పాత ప్రసంగాలన్నీ బావ ఫోన్‌లో ఉన్నాయి. వాటిని తీసుకుని, ఆమె టైప్ చేసిన మాటను ఆమె గొంతుతోనే పలికే ప్రోగ్రాం తయారు చేశాను. అది మొదటిసారి "ఏమయ్యా, జర చాయ్ పెట్టు" అని పలికినప్పుడు బావ వంటింట్లోకి పరుగెత్తి చాలాసేపు బయటికి రాలేదు. చాయ్ కూడా రాలేదు. అక్క ఫోన్ తీసుకుని అయ్యగారికి మెసేజ్ పెట్టింది: "ఐదో మాట నాదే."

చిక్కు గుడ్ ఫ్రైడేకి ముందురోజు వచ్చింది. ప్రోగ్రాం మరీ వేగంగా మాట్లాడుతోందని అక్క ఫిర్యాదు. "గింత ఉరుకుడెందుకురా, నిమ్మళంగ పలికియ్యి" అని టైప్ చేసింది. ఆ వేగం తగ్గించే చిన్న ప్రోగ్రాం పాతది, దానికి సిస్టంలోని మూల లైబ్రరీ కూడా పాతదే కావాలట. మూల లైబ్రరీ అంటే ఇంటికి పునాది లాంటిది, మిగతా ప్రోగ్రాంలన్నీ దాని మీదే నిలబడతాయి. నేను దాన్ని తీసి పాత వెర్షన్ పెట్టాను. బుద్ధి ఉన్నవాడెవడూ చేయని పని. అంతకుముందే, మా వృత్తిలో అందరికీ ఉన్న అలవాటు కొద్దీ, కొత్త బిల్డుకు చోటు శుభ్రం చేద్దామని పాత బిల్డును తుడిచేశాను. రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చడమే బిల్డ్. అంటే అప్పటిదాకా పలుకుతున్న ప్రోగ్రాం కూడా పోయింది.

కొత్త బిల్డ్ విఫలమైంది. మళ్లీ చేశాను, మళ్లీ విఫలం. సరే, లైబ్రరీని తిరిగి కొత్తది చేద్దామంటే ఆ పనిచేసే ప్రోగ్రామే తెరుచుకోలేదు, అదీ ఆ పునాది మీదే కదా. సిస్టం మొత్తం కొత్తగా వేద్దామంటే మురుగునీటి మోరీ కోసం రోడ్డు తవ్వినవాళ్లు మా ఇంటర్నెట్ తీగ తెంపేశారు, ఫోన్ నెట్ నత్తనడక. ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత ప్రోగ్రాంలు పెట్టనివ్వరు. తెల్లారాక లాప్‌టాప్‌ను ఆపి మళ్లీ వేసి చూశాను. తప్పుందని చెప్పే అదే ఎర్ర అక్షరాల వరుస. నా మీద నాకే అసహ్యం వేసింది.

కిందికి దిగి అక్కకు చెప్పాను.

"ఫికర్ జెయ్యకు, నువ్వు రాసింది నేను చదువుత," అన్నాడు బావ అక్కతో.

"నువ్వు చదివితె జనం పండుకుంటరు," అని అక్క టైప్ చేసింది. తర్వాత ఫోన్ నావైపు తిప్పింది. "తెర మీద అక్షరాలన్న చూపియ్. నేను ఊకె నిలబడ్త. గిదే ఆఖరు, మళ్ల స్టేజి ఎక్క."

ఆమె అన్నదంటే అన్నదే. ఆ రోజు మూగగా నిలబడి దిగితే, మా అక్క ఇంక ఇంట్లోనే ఉండిపోతుందని నాకు తెలుసు.

చర్చిలో లాప్‌టాప్‌ను తెరకు కలిపాను. మైకులు చూసేవాళ్లు ముందు అనుకున్న ప్రకారం స్పీకర్ల తీగ కూడా పెట్టేశారు. నేను వద్దనలేదు, చెప్పడానికి సిగ్గేసింది. నాలుగో మాట అయిపోయింది. అక్క వెళ్లి నిలబడింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆమె అలవాటు కొద్దీ, ఇంట్లో సాధన చేసినట్టే, పలికించే మీట నొక్కింది. నేను తల దించుకున్నాను.

గొంతు వచ్చింది. మా అక్క గొంతే. నిమ్మళంగా, ఆమె అడిగినంత నిమ్మళంగా. ఆపరేషన్ తర్వాత నీళ్లు తాగనివ్వని రోజుల్లో ఒక నర్సు దూది తడిపి పెదవులకు అద్దిందనీ, దాహం అంటే ఏమిటో అప్పుడు తెలిసిందనీ చెప్పింది. బావ నా చెయ్యి పట్టుకుని నొప్పి పుట్టేలా నలిపేశాడు. నాకైతే భయం వేయలేదు. బరువు దిగిపోయింది.

అందరూ వెళ్లాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ ప్రోగ్రాం ఎక్కడా లేదు. మీట నొక్కితే శబ్దం లేదు. మళ్లీ బిల్డ్ చేస్తే అవే ఎర్ర అక్షరాలు. ఎక్కడో పాత కాపీ మిగిలి ఉంటుందని ఆఫీసులో మిత్రులు అన్నారు. ఉందే అనుకుందాం, అది వేగంగా పలికేది కదా! పాత రికార్డింగ్ అనుకుందామంటే, నర్సు సంగతి అక్క ఆ వారమే రాసింది. వేగంగా పలికిన ఆ ప్రోగ్రాం తప్ప, ఆ వాక్యాలు లోకంలో ఎవరూ పలికి ఉండరు.

తర్వాత సిస్టం మొత్తం తుడిచి కొత్తగా వేశాను. ప్రోగ్రాం చక్కగా బిల్డ్ అయింది. అక్క ట్యూషన్ మళ్లీ మొదలుపెట్టింది, ఇప్పుడు లాప్‌టాప్‌తో తిడుతోంది. పిల్లలకు తేడా తెలియడం లేదు. పైనుంచి ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఆఖరి నిమిషంలో నేనే బాగుచేశానని అక్క చాలాకాలం అనుకుంది. ఒకరోజు చిక్కుడుకాయలు తుంచుతుంటే అసలు సంగతి చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి. ఫోన్ తీసుకుంది.

"మరి మొదట్ల గొంతు సవరించుకునుడు?"

ప్రసంగానికి ముందు స్పీకర్లలో ఆ చిన్న గొంతు సవరింపు నేనూ విన్నాను. మైకు ముందు నిలబడగానే ఆమె ఎప్పుడూ అలా చేసేది. నా ఒక్కడికే వినిపించిందనుకుని ఎవరికీ చెప్పలేదు. ప్రోగ్రాం తయారుచేసినప్పుడు పాత రికార్డింగుల్లోంచి అలాంటి శబ్దాలన్నీ ఏరి మరీ కత్తిరించేశాను. అది దాంట్లో లేదు, ఇప్పటికీ లేదు.

ఆ మాటే చెప్పి, ఎలా జరిగిందో నాకు తెలియదన్నాను. ఇవాళ్టికీ తెలియదు. అక్క మెడ మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత టైప్ చేసి చూపించింది.

"నాకు సుత తెల్వదు. గని అది మిషిని కాదురా, నేనే."