పసుపుదారం కట్టిన గేరు

జూబ్లీ హిల్స్‌లో పొద్దున్నే పార్కుకు వచ్చేవాళ్లందరికీ మా గొడవ తెలుసు. నా ఫోర్ బై ఫోర్ బండి గొప్పదా, ఫిల్మ్‌నగర్ మూర్తిగారిది గొప్పదా అన్నదే ఆ గొడవ. తేల్చుకుందామని పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం వికారాబాద్ అడవి దారి పట్టాం. వాగు దాటబోయి నేను బురదలో దిగబడ్డాను. నన్ను లాగడానికొచ్చి ఆయనా దిగబడ్డారు. వాన పెరిగింది. నీళ్లు తలుపుల దాకా వచ్చేశాయి.

వెనక సీట్లో టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చున్న మా డ్రైవర్ యాదగిరి, “సార్, జర పక్కకు జరుగుండ్రి. గీ చిన్న గేరు ఎన్నడన్న ఏసిండ్రా?” అని అడిగాడు.

నాలుగు చక్రాలనూ తిప్పేది ఆ గేరేనట! వాహనపూజనాడు మా ఆవిడ దానికి పసుపుదారం కట్టింది. దేవుడి దారం కదా అని నేనెప్పుడూ ముట్టుకోలేదు. యాదగిరి ఆ దారం విప్పి కళ్లకద్దుకుని, గేరు వేసి, మెల్లగా బండిని గట్టెక్కించాడు. తర్వాత మూర్తిగారి బండెక్కి నవ్వాపుకోలేకపోయాడు. అందులో అదే గేరుకు షోరూమ్ ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. దాన్నీ అంతే నేర్పుగా ఒడ్డుకు చేర్చాడు.

పార్కులో ఇప్పటికీ గొడవపడుతూనే ఉన్నాం. కాకపోతే బళ్ల గురించి కాదు, ఈసారి యాదగిరి ఎవరి బండి నడపాలన్నదాని గురించి.