ఏ మాటా ఒంటరిగా మిగలకూడదు

రోస్‌విథా అంత మంచిది కాకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఈ మాటంటే బెల్జియంలోని మా ఊరు ఓయ్‌పెన్‌లో నా మీద విరుచుకుపడేవాళ్లు చాలామందే ఉన్నారు. పడనివ్వండి.

ఆమె లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. వాళ్ల అమ్మమ్మ యుద్ధకాలంలో లిథువేనియా వైపు నుంచి పారిపోయి వచ్చిన మనిషి. చివరి రోజుల్లో ఆవిడ జర్మన్ అంతా మర్చిపోయి, చిన్ననాటి లిథువేనియన్‌లోనే మాట్లాడిందట. మంచం పక్కన కూర్చున్న పసిపిల్ల రోస్‌విథాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏదో అడుగుతూనే ఉంది గిస్లేన్. నీళ్లో, ఇంకేమిటో. నాకిప్పటికీ తెలీదు" అనేది నాతో. పెద్దయ్యాక పట్టుబట్టి ఆ భాష నేర్చుకుంది. అడిగే మనిషి పోయాక నేర్చుకుంది, అదీ ఆమె బాధ.

ఇంటి కింది నేలమాళిగలో, బంగాళాదుంపల పెట్టెల పక్కన ఒక సర్వర్ పెట్టింది. మా సామాజిక మాధ్యమం ఏ కంపెనీదీ కాదు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటూ, దేశాలు దాటి ఒకదానితో ఒకటి కలుపుకుంటారు. అందరికీ అని ఒకచోట రాసినది మిగతాచోట్లకు నకళ్లుగా పోతుంది. రోస్‌విథా దగ్గర ఒకటే ఆచారం. ఎవరు ఏ భాషలో రాసినా, వచ్చినవాళ్లు దాన్ని కింద తమ భాషలోకి మార్చి పెట్టాలి. ఫ్రెంచ్ నా వంతు.

"ఎవడో పొద్దున్నే వాఫుల్ తిన్నానని రాస్తే అది కూడా మార్చాలా? నాకేం పనీపాటా లేదా?" అని ఒకసారి కసిరాను.

"లేదుగా" అంది నవ్వకుండా. "ఏ మాటా ఒంటరిగా మిగలకూడదు."

చూస్తుండగానే ఆ ఆచారం మిగతా సర్వర్లకూ అంటుకుంది. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

పోయిన శరదృతువులో జీతా వచ్చింది. లిథువేనియాలోని కౌనస్‌లో చెయ్యిచేసుకునే మొగుణ్ని వదిలి, చిన్న కూతురు ఉగ్నేను తీసుకుని పారిపోయి వచ్చింది. చర్చి వెనక సందులో మేడమీద గది ఇప్పించింది రోస్‌విథానే. జీతా మారుపేరుతో రాసేది. తను ఒప్పుకున్న కొద్దిమందికే అవి కనబడేవి. అలాంటి రాతల మూలన చిన్న తాళం గుర్తు ఉంటుంది.

ఒకరోజు లిథువేనియన్‌లో ఇలా రాసింది: "కిటికీ తీస్తే చర్చి ఆకుపచ్చ శిఖరాలు రెండూ కనబడతాయి. గాలి ఇటు తిరిగితే ఫ్యాక్టరీ నుంచి చాక్లెట్ వాసన. ఉగ్నే నిన్న మొదటిసారి లైటు ఆర్పి పడుకుంది."

చదివి రోస్‌విథా ఏడ్చింది. ఆ కళ్లనీళ్లలో తాళం గుర్తు చూడలేదు. అందరికీ కనబడేలా జర్మన్‌లోకి మార్చి పెట్టేసింది. నేను ఆ వారం మా అక్క ఇంట్లో ఉన్నాను. ఫ్రెంచ్‌లోకి, డచ్‌లోకి ఇంకెవరో మార్చారు.

మర్నాడు ఎక్కడిదో సర్వర్ నుంచి, ఫొటో లేని కొత్త ఖాతా పలకరించింది. "ఎంత బాగా రాశారు. ఏ ఊరండీ ఇది?"

"స్వాగతం. మాది ఓయ్‌పెన్. ఇటు వస్తే కాఫీకి రండి" అని రాసింది రోస్‌విథా. కొత్తవాళ్లందరికీ అలాగే రాసేది.

నేను తిరిగొచ్చి ఆమె వంటింట్లో కూర్చునేసరికి జీతా ఫోన్ పట్టుకుని వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఇది మీరేనా రాసింది?"

"బాగుందని... అందరూ చదవాలని..."

"పాప పేరు కూడా అలాగే ఉంచేశారండీ. లైటు లేకపోతే అది ఎందుకు నిద్రపోదో లోకంలో ఒక్కడికే తెలుసు."

రోస్‌విథా వెంటనే తుడిచేసింది. నకళ్లున్న ప్రతి సర్వర్ యజమానినీ బతిమాలింది. అందరూ తీసేశారు, ఒక్కడు తప్ప. అతను ఆ సర్వర్ ముఖం చూసి నెలలైందట. జీతా ఆగలేదు. తెల్లవారేసరికి గది ఖాళీ. "ఎక్కడికో నాకూ చెప్పకు తల్లీ" అని రోస్‌విథాయే పంపించింది.

కొన్నాళ్లకు మా వీధి బేకరీ ఆవిడ మాటల్లో అంది. "మర్యాదస్తుడు, ఎవరో పరాయి ఊరివాడు. శిఖరాలు రెండూ ఏ కిటికీలోంచి కనబడతాయని అడిగాడు."

ఆ వారమే ఫొటో లేని ఆ ఖాతాలో ఫొటో వచ్చింది, ఉగ్నేది. "నా కూతురు కనబడటం లేదు. దాని మందులు నా దగ్గరే ఉండిపోయాయి. ఎవరైనా చూస్తే దయచేసి చెప్పండి." లిథువేనియన్, జర్మన్, ఫ్రెంచ్, డచ్. మా ఆచారం ప్రకారం ఒకదాని కింద ఒకటి, తప్పుల్లేకుండా.

"అబద్ధం, ఇతన్ని నమ్మకండి" అని రోస్‌విథా కింద రాసింది. తండ్రి కడుపుకోత తెలియని మనిషని ఆమెనే తిట్టారు. ఈలోగా దయగలవాళ్లెవరో డేనిష్‌లోకి మార్చారు. ఇంకెవరో పోలిష్‌లోకి.

రోస్‌విథా నేలమాళిగలోకి దిగి, సర్వర్ తీగ పీకేసింది. ఫ్యాన్ చప్పుడు ఆగింది. బంగాళాదుంపల పెట్టె మీద కూలబడింది.

"పీకితే ఏం లాభం? నకళ్లన్నీ బయటే ఉన్నాయి" అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

నా ఫోన్‌లో వేరే సర్వర్ తెరిచి ఉంది. ఆ ఫొటో కింద ఫిన్లాండ్ నుంచి ఒక టీచరు వాళ్ల భాషలో ఏదో రాసింది. దాని కింద ఎవరో పుణ్యాత్ములు అప్పుడే జర్మన్‌లోకి మార్చి పెట్టారు: "ఈ పాప సోమవారం మా బడిలో చేరింది."